పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఎలా ఇవ్వాలి? తిరుపతి, చిత్తూరు వాసుల కోసం

“స్టేషన్‌కు వెళ్ళి కంప్లైంట్ రాసిచ్చి వచ్చాం, ఆ తర్వాత ఏ కబురూ లేదు, ఇప్పుడేం చేయాలి?” అని తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి పాఠకులు పదే పదే అడుగుతున్నారు. రసీదు ఉందా, ఎఫ్ఐఆర్ నంబరు ఎంత అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర ఆ రెండూ ఉండవు. తెల్ల కాగితం మీద రాసి, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చేతికిచ్చి, “చూస్తాంలే, వెళ్ళండి” అన్న మాట పట్టుకుని వచ్చేసి ఉంటారు. రసీదు గానీ నంబరు గానీ లేని ఫిర్యాదు మీద ఎస్పీ కార్యాలయంలో గానీ, బీమా కంపెనీలో గానీ, కోర్టులో గానీ పని ముందుకు కదలడం కష్టం. అందువల్ల ఈ వ్యాసంలోని దశలన్నీ మీరు స్టేషన్ నుంచి ఒక నంబరుతో బయటకు రావడం కోసమే ఉద్దేశించినవి.

వెళ్ళే ముందు ఒక్క విషయం గమనించండి. దాడి, గొడవ, వెంటపడడం వంటిది ఇంకా జరుగుతూనే ఉంటే ఫిర్యాదు రాస్తూ కూర్చోకుండా 112కు ఫోన్ చేయండి. డబ్బు ఆన్‌లైన్‌లో పోయి ఉంటే స్టేషన్‌కు బయలుదేరడానికి ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. దొంగలు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు మార్చుకునేలోపు దాన్ని నిలిపివేయించే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఉంటుంది, స్టేషన్ వరండాలో కూర్చున్నంత సేపూ ఆ అవకాశం తరిగిపోతూనే ఉంటుంది. 1930లో ఇచ్చే నంబరును రాసుకుని, మీ బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాతే స్టేషన్ సంగతి చూడండి.

కావలసినవి

– మీ ఆధార్ లేదా మరేదైనా గుర్తింపు కార్డు, దాని నకలు.
– ఫిర్యాదు రెండు ప్రతులు. రెండో ప్రతి మీ దగ్గర ఉండడానికి, దాని మీదే స్టేషన్ ముద్ర వేయించుకుంటారు.
– ఫోన్ అయితే కొన్న బిల్లు, ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్లు). బైకు అయితే ఆర్సీ, బీమా కాగితాలు, రెండు తాళం చెవులు. నగలైతే కొన్న రసీదులు, అవి లేకపోతే ఆ నగలు వేసుకుని తీయించుకున్న ఫోటోలు.
– పని చేసే ఒక మొబైల్ నంబరు. పోయిన ఫోన్ నంబరునే ఫిర్యాదులో రాసి, ఆ తర్వాత స్టేషన్ నుంచి ఫోన్ రాలేదని బాధపడేవారు తక్కువేమీ కాదు.

దశ 1: జారిపోయిందా, ఎవరైనా తీశారా, తేల్చుకోండి

ఫోనో, పర్సో, సర్టిఫికెట్లో ఎక్కడో జారిపోయి ఉంటే అది నేరం కాదు కాబట్టి ఎఫ్ఐఆర్ ఉండదు. స్టేషన్‌లో రోజువారీ రికార్డు అయిన జనరల్ డైరీలో నమోదు చేసి రసీదు ఇస్తారు. పదో తరగతి మార్కుల జాబితా, ఇంటి దస్తావేజు వంటివి పోయినప్పుడు, వెతికినా దొరకలేదని స్టేషన్ ఇచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్‌ను నకలు ఇచ్చే కార్యాలయాలు అడగవచ్చు కాబట్టి దాని కోసం విడిగా అర్జీ పెట్టుకోండి.

ఎవరో తీశారని నమ్మడానికి కారణం ఉంటే అది దొంగతనం. చేతిలోనిది లాక్కుని పారిపోతే అది స్నాచింగ్, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దానికి 304వ సెక్షన్ విడిగా ఉంది. ఈ తేడాను ఫిర్యాదులో మొదటి వాక్యంలోనే స్పష్టంగా రాయండి. మామూలు దొంగతనంలో పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉంటే, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల కిందకు అది వస్తుంది. పాత ఫోన్ అని తక్కువ చేసి “ఓ నాలుగు వేలుంటుంది సార్” అని నోటి మాటగా చెప్పేవారు ఈ సంగతి తెలుసుకుని, బిల్లు చూసి సరైన విలువే రాయాలి. అలాగని, జారిపోయినదాన్ని దొంగిలించారని రాయకండి. తప్పని తెలిసీ పోలీసులకు సమాచారం ఇవ్వడం దానికదే నేరమవుతుంది.

దశ 2: ఏ స్టేషన్‌కు వెళ్ళాలో చూసుకోండి

మీ ఇల్లు ఎక్కడుందన్నది కాక, సంఘటన ఎక్కడ జరిగిందన్నదే పరిధిని నిర్ణయిస్తుంది. తిరుపతి నగరంలో ఈస్ట్, వెస్ట్, అలిపిరి, ఎస్వీయూ క్యాంపస్, ఎం.ఆర్.పల్లి స్టేషన్లు, ఆనుకుని తిరుచానూరు స్టేషన్ ఉన్నాయి. తిరుమల కొండ మీద విడిగా స్టేషన్లు ఉన్నాయి. చిత్తూరులో వన్ టౌన్, టూ టౌన్, తాలూకా స్టేషన్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చంద్రగిరి, శ్రీకాళహస్తి వారి అర్జీలు తిరుపతి ఎస్పీ కార్యాలయానికి వెళ్ళాలి, కాణిపాకం, పలమనేరు వారివి చిత్తూరుకు వెళ్ళాలి. పాత అలవాటు కొద్దీ చిత్తూరుకు పోయి తిరిగి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

రైల్లో గానీ, రైల్వే ప్లాట్‌ఫారం మీద గానీ సామాను పోతే ఊరి స్టేషన్‌కు కాక రైల్వే పోలీసులకు, అంటే జీఆర్పీకి ఫిర్యాదు ఇవ్వాలి. రైలు ఇంకా నడుస్తుంటే 139కు ఫోన్ చేయండి, లేదా పెట్టెలోని టీటీఈకి చెప్పండి. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వారిది ప్రధానంగా రైల్వే ఆస్తుల రక్షణ, ప్రయాణికుల సామాను దొంగతనం కేసును నమోదు చేసేది జీఆర్పీ.

“ఇది మా లిమిట్స్ కాదు, అక్కడికి వెళ్ళండి” అన్న మాట వినని వారు ఉండరు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. అలా తీసుకున్నదాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు, దాన్ని పరిధి ఉన్న స్టేషన్‌కు పంపించే బాధ్యత పోలీసులదే. అయితే నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ఈస్ట్ స్టేషన్‌కు చెందిన విషయాన్ని వెస్ట్‌లో జీరో ఎఫ్ఐఆర్‌గా పెట్టించాలని పంతం పట్టడం కన్నా ఆటోలో పది నిమిషాలు పోయి సరైన చోట ఇవ్వడమే మేలు. చెన్నై బస్సులోనో, బెంగళూరు దారిలోనో సంఘటన జరిగి, అక్కడికి తిరిగి వెళ్ళే వీలు లేనప్పుడే ఈ హక్కు నిజంగా అక్కరకు వస్తుంది.

దశ 3: ఫిర్యాదు రాయండి

స్టేషన్ ఎదుట జిరాక్స్ షాపులో రాసిపెట్టేవారు ఉంటారు గానీ, మీరే రాయడం మంచిది. వారు రాసే ఫిర్యాదుల్లో “తగు చర్య తీసుకొనవలసినదిగా కోరుచున్నాను” అన్న మర్యాద వాక్యాలు అరపేజీ నిండి, ఫోన్ నంబరు మాత్రం ఎక్కడా కనిపించని సందర్భాలు ఉన్నాయి. మీకు రాయడం రాకపోతే నోటితో చెప్పినా చాలు, పోలీసులే రాసుకుని మీకు చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలని చట్టం చెబుతోంది.

ఎప్పుడు, ఎక్కడ, ఏమి, ఎలా, ఎవరు చూశారు అన్న వరుసలో రాయండి. ఉదాహరణకు ఇలా:

“తిరుపతి ఈస్ట్ పోలీస్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. నేను తిరుపతిలో నివసిస్తున్నాను. ఫలానా తేదీన సాయంత్రం 6 గంటల ప్రాంతంలో తిరుచానూరులో బస్సెక్కి, సుమారు 6.30కి ఆర్టీసీ బస్టాండులో దిగాను. దిగేటప్పుడు రద్దీలో నా చొక్కా జేబులోని ఫోన్‌ను ఎవరో దొంగిలించారు. టికెట్ తీసుకున్నప్పుడు ఫోన్ జేబులోనే ఉంది, ఫోన్‌లోనే డబ్బు చెల్లించాను. ఫోన్ నలుపు రంగు, వెనుక అద్దం ఎడమ పై మూలలో పగులు ఉంది. దాని ఐఎంఈఐ నంబర్లు ఇవి. అందులోని సిమ్ నంబరు ఇది. విలువ 14,000 రూపాయలు, బిల్లు నకలు జతపరిచాను. నేను దిగిన చోటికి ఎదురుగా ఉన్న దుకాణం మీద సీసీ కెమెరా ఉంది. నన్ను ఈ నంబరులో సంప్రదించవచ్చు.”

ఇందులో టికెట్‌కు ఫోన్‌లోనే చెల్లించానన్న వాక్యాన్ని గమనించండి. ఫోన్ చివరిసారి మీ దగ్గర ఉన్న సమయాన్ని అది నిలబెడుతుంది, ఆ చెల్లింపు వివరం బ్యాంకు స్టేట్‌మెంటులో దొరుకుతుంది. కెమెరా సంగతి కూడా అంతే ముఖ్యం. చాలా దుకాణాల రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే తనంతట తాను చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది కాబట్టి, కెమెరా ఎక్కడుందో మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

అనుమానం ఉన్నవారి పేరు రాయాలా అని చాలామంది అడుగుతారు. చూసి ఉంటే చూశానని, అనుమానమే అయితే ఏ కారణంతో అనుమానమో అంతవరకే రాయండి. కోపంలో పక్కింటివాళ్ళ పేర్లన్నీ చేర్చితే, తర్వాత కోర్టులో మీ మాట మీదే నమ్మకం పోతుంది. సమయం సరిగా గుర్తులేకపోతే “సుమారు” అని రాయడంలో తప్పేమీ లేదు.

దశ 4: స్టేషన్‌లో ఇవ్వండి

ముందుగా రిసెప్షన్ దగ్గర చెప్పి, స్టేషన్ బాధ్యత ఎవరిదో ఆ అధికారికి, అంటే సీఐకో ఎస్‌ఐకో, వారు లేకపోతే ఆ సమయంలో డ్యూటీలో ఉన్న అధికారికి ఇవ్వండి. అధికారి లేరని రేపు రమ్మనడం సరికాదు, ఎవరో ఒకరు స్టేషన్ ఇన్‌ఛార్జిగా ఉండి తీరాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో సిబ్బంది అంతా బందోబస్తులో ఉంటారు కాబట్టి ఆ రోజుల్లో ఓపిక కొంచెం ఎక్కువే కావాలి. అత్యవసరం కాని అర్జీని ఆ రెండు మూడు రోజులు ఆపుకోవచ్చు గానీ, దొంగతనం ఫిర్యాదును ఆపకండి.

లైంగిక నేరాలకు గురైన స్త్రీల ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలి. స్టేషన్‌కు వెళ్ళడానికి జంకే స్త్రీలు మహిళా హెల్ప్‌లైన్ 181ని గానీ, పోలీసుల శక్తి యాప్‌ను గానీ ఉపయోగించవచ్చు.

ఆన్‌లైన్‌లో, ఈమెయిల్‌లో ఫిర్యాదు పంపే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ పంపినవారు మూడు రోజుల లోపు వెళ్ళి సంతకం చేస్తేనే అది నమోదవుతుంది. పంపేసి ఊరుకోవడం ఇందులో జరిగే పొరపాటు.

దశ 5: నంబరు లేకుండా బయటకు రాకండి

మీ చేతికి రావలసినది రెండింటిలో ఒకటి. జారిపోయిన వస్తువు అయితే తేదీ, ముద్ర, డైరీ నమోదు నంబరు ఉన్న రసీదు. కేసు పెట్టదగిన నేరం అయితే ఎఫ్ఐఆర్ ప్రతి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని 173వ సెక్షన్ చెబుతోంది. దానికి స్టాంపు పేపరో, జిరాక్స్ ఖర్చో ఎవరైనా అడిగితే ఆ అవసరం లేదని మర్యాదగా చెప్పండి.

“పై అధికారి చూశాక రేపు ఎఫ్ఐఆర్ వేస్తాం” అంటే, మీ రెండో ప్రతి మీద అందినట్లు తేదీ, సమయం, ముద్ర, సంతకం వేయించుకుని వెళ్ళండి. మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల వరకు ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు పోలీసులకు ఇప్పుడు ఉంది. ఆ విచారణ జరుగుతోందని చెబితే అది ఏ తేదీన మొదలైందో అడిగి రాసుకోండి. తేదీ లేకుండా “విచారిస్తున్నాం” అంటే ఆ 14 రోజులు ఎప్పటికీ పూర్తి కావు.

దశ 6: ఎఫ్ఐఆర్‌ను అక్కడే చదవండి

ఇంటికి వచ్చాక చదివితే సరిదిద్దించుకోవడం కష్టం. ఇవి చూడండి:

– సంఘటన తేదీ, సమయం, స్థలం మీ ఫిర్యాదులో ఉన్నట్టే ఉన్నాయా? రాత్రి 12 దాటాక జరిగిన వాటిలో తేదీ ఒక రోజు అటో ఇటో పడడం తరచుగా కనిపించే తప్పు.
– పోయిన వస్తువులన్నీ వచ్చాయా? నాలుగు నగలు రాసిస్తే “బంగారు నగలు” అని ఒక్క మాటలో ముగించి ఉంటే, మీ ఫిర్యాదు ప్రతి ఎఫ్ఐఆర్‌కు జతచేశారో లేదో అడగండి.
– ఐఎంఈఐ, చాసిస్ నంబర్లు అంకె అంకెకూ సరిపోయాయా?
– మీ సంతకం ఉందా, మీ ఫోన్ నంబరు సరైనదేనా?

రెండు మూడు రోజుల తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ వెబ్‌సైటులోని పౌర సేవల విభాగంలో జిల్లా, స్టేషన్, నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకండి. ఎఫ్ఐఆర్‌లను సాధారణంగా 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు అందులో కనిపించవు, అది మామూలే.

దశ 7: ఫోన్ అయితే దాన్ని బ్లాక్ చేయించండి

1. పాత నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకోండి. కొత్త సిమ్ పని చేయడం మొదలయ్యాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, అది మోసాలను ఆపడానికి పెట్టిన నిబంధన. ఓటీపీ రావడం లేదని సిమ్ మళ్ళీ మార్పించకండి, మార్పిస్తే ఆ 24 గంటలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపడతాయి.
2. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో పోయిన మొబైల్‌ను బ్లాక్ చేసే సీఈఐఆర్ పేజీ తెరవండి. ఫిర్యాదు నంబరు, దాని ప్రతి, బిల్లు, గుర్తింపు కార్డు అక్కడ ఇవ్వాలి. ఫిర్యాదు ఇవ్వకముందే ఇక్కడికి వచ్చి మధ్యలో ఆగిపోయేవారు చాలామంది.
3. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ ఇవ్వండి. బిల్లు లేకపోతే ఫోన్ డబ్బా మీద చూడండి, డబ్బా కూడా లేకపోతే ఆన్‌లైన్‌లో కొన్నవారు ఆ ఖాతాలోని ఇన్వాయిస్‌ను చూడండి. ఫోన్ ఇంకా చేతిలో ఉన్నవారు ఈ పేరా చదువుతూనే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి, వచ్చిన నంబర్లను ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.
4. చివర్లో వచ్చే రిక్వెస్ట్ ఐడీని భద్రపరచండి. పరిస్థితి తెలుసుకోవడానికి, ఫోన్ దొరికాక బ్లాక్ తీయించడానికి అదే కావాలి.

ఈ నమోదును స్టేషన్‌లోనే చేసి ఉంటే మీరు మళ్ళీ చేయనక్కరలేదు, రిక్వెస్ట్ ఐడీ అడిగి తీసుకోండి. తిరుపతి జిల్లా పోలీసులు ‘మొబైల్ హంట్’ పేరుతో వాట్సాప్ ద్వారా కూడా పోయిన ఫోన్ల వివరాలు తీసుకుంటూ, దొరికినవాటిని యజమానులకు అప్పగిస్తూ వచ్చారు. ప్రస్తుతం ఏ నంబరుకు పంపాలో స్టేషన్‌లోనే అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నంబర్లకు మీ ఆధార్ నకలు పంపకండి.

దశ 8: ఫిర్యాదు తీసుకోకపోతే

వాదనకు దిగకండి. ఎవరిని, ఏ రోజు, ఏ సమయంలో కలిశారో రాసుకుని బయటకు వచ్చేయండి. కేసు పెట్టదగిన నేరం సమాచారంలో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తీర్పు ఇచ్చింది. తర్వాతి మెట్లు వరుసగా ఇవి.

మొదట అదే ఫిర్యాదును, స్టేషన్‌లో జరిగిన సంగతి నాలుగు వాక్యాలు చేర్చి, జిల్లా ఎస్పీ గారి పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు పారేయవద్దు. సోమవారాల్లో ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నేరుగా కూడా అర్జీ ఇవ్వవచ్చు, అక్కడ ఇచ్చే నంబరుతో తర్వాత అడగవచ్చు. నా ఉద్దేశంలో రెండూ చేయడం మంచిది. నేరుగా ఇస్తే పని త్వరగా కదులుతుంది, పోస్టు రసీదేమో కోర్టులో పనికొస్తుంది. అప్పటికీ కేసు నమోదు కాకపోతే మేజిస్ట్రేట్ కోర్టును ఆశ్రయించవచ్చు, ఎస్పీకి ముందుగా రాశారా అన్నదే అక్కడ మొదట చూస్తారు. వకీలు ఫీజు భరించలేనివారు కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

దశ 9: ఆ తర్వాత

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కొత్త చట్టం చెబుతోంది, ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. సాక్షులుగా వివరాలు అడగడానికి స్త్రీలను, 15 ఏళ్ళ లోపు, 60 ఏళ్ళు దాటిన పురుషులను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, వారు ఉన్న చోటికే వచ్చి అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళను పిలిచినప్పుడు ఈ మాట గుర్తుచేయండి.

బైకు పోయినవారు ఎఫ్ఐఆర్ అందిన రోజే బీమా కంపెనీకి తెలియజేయాలి. దొరుకుతుందేమోనని నెల రోజులు ఎదురుచూసి ఆ తర్వాత చెబితే, ఆలస్యమే సాకుగా క్లెయిమ్‌కు అడ్డు పడుతుంది. బండి దొరకలేదని పోలీసులు కోర్టుకు ఇచ్చే తుది నివేదిక ప్రతి కూడా కంపెనీ అడుగుతుంది కాబట్టి దాని కోసం స్టేషన్‌కు మరోసారి వెళ్ళవలసి ఉంటుంది.

కేసులో స్వాధీనం చేసుకున్న బైకును, నగలను స్టేషన్ నుంచి మామూలుగా ఇచ్చేయరు. మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేసి, యాజమాన్యం చూపించి, పూచీకత్తు మీద విడిపించుకోవాలి. ఆర్సీ, కొన్న రసీదులు అప్పుడు మళ్ళీ కావాలి. ఫోన్ చేతికి వచ్చాక దాన్ని సీఈఐఆర్‌లో అన్‌బ్లాక్ చేయించాకే సిమ్ వేయండి. బ్లాక్‌లో ఉన్న ఫోన్‌లో సిమ్ పని చేయడం లేదని రిపేరు దుకాణానికి తీసుకుపోయి డబ్బు ఖర్చు పెట్టుకోకండి.